చెడ్డ రోజు లెక్క చెప్పండి

"శుద్ధి చేసిన నీళ్లే కదండీ వదిలేది, మీకొచ్చిన ఇబ్బందేంటి?"

అపార్ట్‌మెంట్ల మురుగును శుద్ధి చేసే ప్లాంటు నుంచి బెంగళూరు చుట్టుపక్కల ఏ ఊరి వాగు గట్టు మీదికి పైపు వచ్చినా పంచాయతీ ఆఫీసు దగ్గర మొదట వినపడే మాట ఇది. ఊరివాళ్ల జవాబూ ప్రతిచోటా ఒకటే: "మురుగు మురుగే, మా వంకలోకి వద్దు." ఆ జవాబు న్యాయమైనదే. కానీ ఫైల్లోకి ఎక్కేసరికి అది కారణం చూపని అభ్యంతరంగా మిగిలిపోతుంది, పైపు పని మొదలైపోతుంది. పైపు వేసేవాళ్లు చూపించే కాగితాలన్నీ ప్లాంటు చక్కగా నడిచే రోజు లెక్కలు. వాగు చచ్చేదేమో కరెంటు పోయిన రోజున, మోటారు కాలిన రోజున, ఎండాకాలంలో ఊట సన్నబడిన రోజున. ఊరి తరఫున నిలబడేవాళ్లు అడగాల్సింది ఆ రోజు లెక్క. గట్టిగా అడిగితే చాలాచోట్ల పైపు అక్కడే ఆగిపోతుందని నా నమ్మకం, ఎందుకంటే ఆ లెక్క చాలా ప్రాజెక్టుల దగ్గర ఉండదు.

ఆనేకల్, సర్జాపుర, హొసకోటె, మాలూరు, అటు హొసూరు దాకా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆనేకల్ దగ్గరి చిన్న జలపాతం పేరే ముత్యాల మడువు. ఇప్పుడు ఆ ఊళ్ల పక్కనే లేచిన అపార్ట్‌మెంట్లలో అనంతపురం నుంచి, విజయవాడ నుంచి, హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు కాపురాలుంటున్నారు. పైపుకి ఈ కొసన స్నానాలు చేసేదీ, ఆ కొసన పశువులను తోలుకొచ్చి నీళ్లు తాపేదీ ఒకే భాషవాళ్లయిన చోట్లు ఉన్నాయి. అందుకే ఇద్దరినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

బెంగళూరు 900 మీటర్ల ఎత్తున గట్టు మీద కూర్చున్న ఊరు. పెద్ద నది పక్కన లేదు. కావేరి నీళ్లను దాదాపు 100 కిలోమీటర్ల నుంచి పైకి తోడి తెస్తారు. 2024 అక్టోబరులో ఐదో దశ మొదలవడంతో రోజుకు ఇంకో 77.5 కోట్ల లీటర్లు తోడే ఏర్పాటు జరిగింది. పైకెక్కిన నీళ్లు మురుగై కిందికి దిగాల్సిందే. పడమటి వాలున దిగినవి వృషభావతిలో కలిసి అర్కావతి మీదుగా మళ్లీ కావేరికే చేరతాయి. తూర్పు వాలున దిగినవి బెళ్లందూరు, వర్తూరు చెరువులు దాటి దక్షిణ పినాకినిలో పడి, హొసూరు దగ్గర కెలవరపల్లి రిజర్వాయర్‌కి పోతాయి. బసవనగుడిలో దొడ్డ బసవన్న పాదాల దగ్గర పుట్టిందని భక్తితో చెప్పుకునే వృషభావతి ఇప్పుడెలా ఉందో మైసూరు రోడ్డు మీద వెళ్లేవాళ్లకు వాసనే చెబుతుంది. బెళ్లందూరు చెరువులో 2015లో, 2017లో, మళ్లీ 2018 జనవరిలో మంటలు లేచాయి.

ఊళ్లలో అభ్యంతరం చెప్పేవాళ్లు ముందు ఎత్తేది ఈ బెళ్లందూరు పేరే. నా ఉద్దేశంలో అది బలహీనమైన వాదన. ఎదుటివాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "అది శుద్ధి చేయని మురుగు, మాది శుద్ధి చేసినది." అక్కడితో వాదన వాళ్ల చేతుల్లోకి పోతుంది. మంచి ప్లాంటు, ప్రమాణాలన్నీ పాటించే ప్లాంటు కూడా చిన్న వాగును ఎలా పాడుచేస్తుందో చూపిస్తే ఆ జవాబు నిలవదు. దానికి కావాల్సింది గుణకారం, భాగహారం.

మొదట వాగులో ఎన్ని నీళ్లు పారుతున్నాయో తెలియాలి. ఏప్రిల్, మే నెలల్లో కొలవాలి, వానల్లో కొలిచిన అంకె ఇక్కడ పనికిరాదు. వంపుల్లేకుండా తిన్నగా పారే చోట 10 మీటర్లు కొలిచి రెండు కర్రలు పాతాలి. వెడల్పు కొలవాలి. అడ్డంగా ఐదు చోట్ల లోతు చూసి సగటు కట్టాలి. చిన్న ప్లాస్టిక్ మందు సీసాలో సగం నీళ్లు పోసి, మూత బిగించి, పై కర్రకు కొంచెం ఎగువన వదలాలి. ఖాళీ సీసా గాలికి కొట్టుకుపోతుంది, సగం నిండినది నీటితో పాటే నడుస్తుంది. పై కర్ర నుంచి కింది కర్రకు ఎన్ని సెకన్లు పట్టిందో ఐదుసార్లు చూసి సగటు తీయాలి. వాగు అడుగున, అంచుల్లో నీరు నెమ్మదిగా కదులుతుంది కాబట్టి వచ్చిన వేగాన్ని 0.8తో గుణించాలి. ఉదాహరణకు వెడల్పు 1.2 మీటర్లు, సగటు లోతు 10 సెంటీమీటర్లు, సీసాకు పట్టింది 48 సెకన్లు అనుకుందాం. వాగు ప్రవాహం సెకనుకు 20 లీటర్లు. బెంగళూరు చుట్టూ ఎండాకాలంలో ఈమాత్రం పారే వంకను ఊరివాళ్లు "బాగా పారుతోంది" అనే అంటారు.

ఇప్పుడు అందులోకి రోజుకు 10 లక్షల లీటర్లు వదిలే పైపు వచ్చిందనుకోండి. సెకనుకు 11.6 లీటర్లు. అంటే కిందికి పోయే ప్రతి మూడు లీటర్లలో ఒక లీటరుకు పైగా పైపు నీళ్లే.

బీఓడీ అన్న మాట ఈ గొడవల్లో తప్పకుండా వస్తుంది. నీటిలోని మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులు ఒక్కో లీటరులో ఎన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్ వాడుకుంటాయన్నదే అది. మన దేశంలో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి కొలుస్తారు. ఊట నీటి వాగులో అది 2 లేదా ఇంకా తక్కువ ఉంటుంది. స్నానానికి పనికొచ్చే నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన హద్దు 3. మహానగరాల ఎస్టీపీలు, అంటే మురుగు శుద్ధి ప్లాంట్లు, బయటికి వదిలే నీటికి 2017లో కేంద్ర పర్యావరణ శాఖ 20 దాకా ఒప్పుకుంది, 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 10 ఉండాలంది. గమనించండి, కఠినమైన హద్దు కూడా 10. వాగుకు కావాల్సింది 3.

కలిపి చూద్దాం. వాగువి 20 లీటర్లు, బీఓడీ 2. పైపువి 11.6 లీటర్లు, బీఓడీ 10. కలిసిన నీటిలో 4.9 వస్తుంది. పైపు నీరు 20 ఉంటే 8.6. ప్లాంటు చెడిపోయి 150 ఉన్న నీరు బయటికి వస్తే 56. మొదటి లెక్కలో ఎవరూ ఏ ప్రమాణమూ ఉల్లంఘించలేదు. ప్లాంటు ఒక్క తప్పూ చేయలేదు. అయినా వాగు స్నానపు నీటి తరగతి నుంచి జారిపోయింది. బీఓడీ 10 ఉన్న నీటిని కలిపాక కూడా 3 దాటకూడదంటే వాగు ప్రవాహం పైపు ప్రవాహానికి ఏడింతలు ఉండాలి. ఇక్కడ సెకనుకు 81 లీటర్లు. 20 ఉన్న నీరైతే పదిహేడింతలు. ఈ ఏడింతల లెక్క ఒక్కటి గ్రామసభలో పలక మీద వేసి చూపించినా చాలు, ఆ తర్వాతి మాటలు వేరేగా సాగుతాయి.

ఆక్సిజన్ దగ్గర బెంగళూరుకు ఇంకో కష్టం ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ నీటిలో పట్టే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల నీటిలో సముద్రమట్టం దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాముల పైన పడుతుంది, ఇక్కడ 7.5 కన్నా తక్కువ. చేపలు బతకాలంటే 4 తగ్గకూడదు. ఖర్చు పెట్టుకోవడానికి ఉన్న మిగులు మూడున్నర లోపే.

బీఓడీ ఒక్కటే పట్టుకుంటే మిగతావి తప్పించుకుంటాయి. అమ్మోనియా చేపకు నేరుగా విషం. మధ్యాహ్నం ఎండలో నాచు నీటి పీహెచ్‌ను, అంటే క్షార గుణాన్ని, పెంచుతుంది, పీహెచ్ పెరిగేకొద్దీ అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది. ఫాస్ఫరస్ సబ్బుల నుంచీ మలం నుంచీ వస్తుంది. మామూలు ప్లాంటు దాన్ని పెద్దగా తీయలేదు. లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటితే చాలు, వాగులో నాచు పరుచుకోవడం మొదలవుతుంది, కింద చెరువుంటే గుర్రపుడెక్క కమ్మేస్తుంది. నాచు పగలు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి తాను పీల్చుకుంటుంది. చేపలు తెల్లవారుజామున తేలడానికి కారణం ఇదే. అధికారులు పదకొండు గంటలకు వచ్చి మీటరు ముంచితే ఆక్సిజన్ బ్రహ్మాండంగా చూపిస్తుంది. ఇక క్లోరిన్. సూక్ష్మజీవులు చావాలని ప్లాంటు చివర క్లోరిన్ కలుపుతారు, లీటరుకు అర మిల్లీగ్రాము మిగిలితే మంచిదంటారు. ఫ్లష్ ట్యాంకుకి మంచిదే. చేప మొప్పలు 0.02 దగ్గరే దెబ్బతింటాయి.

ఇంతవరకూ చెప్పింది మంచి రోజు సంగతి. చెడ్డ రోజులు ఎలా వస్తాయో తెలియాలంటే ప్లాంటు లోపలికి వెళ్లాలి.

మురుగు ముందు జాలీ దాటుతుంది. చెత్త అక్కడ ఆగుతుంది. తర్వాత నూనె తేర్చే గుంట, ఆ తర్వాత నిల్వ ట్యాంకు. పొద్దున 7 నుంచి 9 దాకా సగటుకు రెండున్నర, మూడింతల మురుగు ఒక్కసారిగా దిగుతుంది. దాన్ని పట్టి ఉంచి రోజంతా సమంగా పంపడానికే ఈ నిల్వ ట్యాంకు. అక్కడి నుంచి గాలి ట్యాంకులోకి. అడుగున రబ్బరు డిఫ్యూజర్లుంటాయి, బ్లోయర్ వాటిలోంచి సన్నని బుడగలుగా గాలి కొడుతుంది, సూక్ష్మజీవులు మలినాన్ని తింటాయి. అక్కడ ఆక్సిజన్ 2 మిల్లీగ్రాములుండాలి, సూక్ష్మజీవుల మడ్డి లీటరుకు 3000, 4000 మిల్లీగ్రాములుండాలి. ఆ తర్వాత క్లారిఫయర్. మడ్డి కిందికి దిగుతుంది, తేటనీరు పైనుంచి పొర్లుతుంది. దిగిన మడ్డిలో ఎక్కువ భాగాన్ని మోటారుతో మళ్లీ గాలి ట్యాంకుకి పంపాలి, పెరిగిన భాగాన్ని బయటికి తీసేయాలి. చివర ఇసుక ఫిల్టరు, బొగ్గు ఫిల్టరు, క్లోరిన్.

ఇందులో ప్రతి దానికీ ఒక చావు ఉంది. నిల్వ ట్యాంకును స్థలం కోసం చిన్నగా కట్టి ఉంటే పొద్దుటి ఒరవడికి క్లారిఫయర్ నిలవదు, మడ్డితో సహా పొర్లుతుంది. డిఫ్యూజర్ రబ్బరు కొన్నేళ్లకు బిగుసుకుపోయి చిల్లులు పూడుతాయి. బ్లోయర్ తిరుగుతూనే ఉంటుంది, చప్పుడూ వస్తుంది, గాలి మాత్రం ఒక మూలనే పెద్ద పెద్ద బుడగలుగా లేస్తుంది. కరెంటు పోతే లిఫ్టులకు జనరేటర్ ఉంటుంది, బ్లోయర్‌కి కూడా కలిపారా అన్నది అడగాలి. గాలి ఆగిన కొన్ని గంటలకే ట్యాంకు కుళ్లడం మొదలవుతుంది. అమ్మోనియాను మార్చే సూక్ష్మజీవులు అన్నిటికన్నా నెమ్మదిగా పెరుగుతాయి, అన్నిటికన్నా ముందు చస్తాయి. తిరిగి నిలదొక్కుకోవడానికి రోజులు కాదు, వారాలు పడుతుంది. ఎవరో బాత్రూమ్ యాసిడ్ సీసాలకు సీసాలు ఒంపినా ఇదే జరుగుతుంది. కొత్త అపార్ట్‌మెంట్లో ఇంకో రకం కష్టం: 500 ఫ్లాట్లకు కట్టిన ప్లాంటు, చేరింది 60 కుటుంబాలు. సూక్ష్మజీవులకు తిండి లేదు, మడ్డి కట్టదు, సబ్బు నురగ ట్యాంకు మీద అడుగెత్తు లేస్తుంది. పైపుకి అనుమతి అడిగే సమయమూ సరిగ్గా అదే.

వానాకాలంలో డాబా మీది నీళ్లు మురుగు లైన్లోకి కలిసి ఉంటే ప్లాంటులోని మడ్డి అంతా ఒక్క వానకు కొట్టుకుపోతుంది. అప్పుడు ఆపరేటర్ చేయగలిగింది ఒక్కటే, బైపాస్ వాల్వు తిప్పడం. ప్లాంటును తప్పించి నీళ్లను నేరుగా బయటికి పంపే ఆ దారి గురించి గ్రామసభకు తెచ్చే రంగుల బొమ్మలో ఒక గీత కూడా ఉండదు. ప్లాంటు డ్రాయింగు అడిగి తీసుకున్నవాళ్లు ముందు వెతకాల్సింది ఆ గీతనే.

ప్లాంటు ఆరోగ్యం తెలుసుకోవడానికి ల్యాబ్ రిపోర్టు కోసం ఎదురుచూడక్కర్లేదు. లీటరు గాజు కొలజాడీ ఒకటి, గడియారం ఒకటి చాలు. గాలి ట్యాంకులోంచి నీళ్లు ముంచి జాడీ నిండా పోసి కదపకుండా పెట్టాలి. మొదట అంతా ఒకే రంగు, కాఫీ డికాక్షన్‌లో కొంచెం పాలు పోసినట్టు. రెండు మూడు నిమిషాల్లో పలుకులు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలవుతాయి, పైన తేట గీత కనపడుతుంది, గీత కిందికి దిగుతూ పోతుంది. అరగంటకు మడ్డి 300, 400 మిల్లీలీటర్ల గీత దగ్గర ఆగి, పైన నీళ్లు తేటగా ఉంటే ప్లాంటు బాగుంది. 100 కూడా లేకపోతే మడ్డి లేదు, అంటే శుద్ధి లేదు. 800 దగ్గరే ఉబ్బి నిలబడిపోతే ఆ రోజో మర్నాడో క్లారిఫయర్ మీంచి పొర్లుతుంది. నల్లగా ఉండి కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తే గాలి అందడం లేదు. అరగంట తర్వాత మడ్డి దిగి, ఇంకో గంటకు మళ్లీ ముద్దలుగా పైకి లేచిందంటే అది అడుగున ఎక్కువసేపు నిలవుంటోందని, తిరిగి పంపే మోటారు సరిగా పనిచేయడం లేదని అర్థం. మాది ఆదర్శ ప్లాంటు అని ఎవరైనా చూపించడానికి పిలిస్తే ఈ జాడీ పట్టుకుని వెళ్లండి. కాదనడానికి వాళ్ల దగ్గర కారణం ఉండదు.

పైపు రాకముందే వాగు ఎలా ఉందో రాసి పెట్టుకోవడం అన్నిటికన్నా ముఖ్యమైన పని, అందరూ మరిచిపోయే పనీ అదే. పాడైన తర్వాత "ముందు బాగుండేది" అంటే రుజువు అడుగుతారు. డబ్బు ఖర్చు లేకుండా మొదలుపెట్టగలిగేది రాళ్ల కింద చూడటం. నీళ్లు గలగలమంటూ పారే చోట అరచేతి వెడల్పు రాయి ఒకటి మెల్లగా ఎత్తి తిరగేయాలి. శుభ్రమైన వాగైతే రాయి అడుగున చదునైన ఒంటి చిన్న పురుగులు పరుగెడతాయి, వెనక మూడు సన్నని తోకలు, పొట్టకు రెండు పక్కలా ఈకల్లా ఆడే మొప్పలు. ఇసుక రేణువులు ఒకదానికొకటి అంటించి గొట్టం లాంటి గూడు కట్టుకుని అందులోంచి తల బయటపెట్టే పురుగులు ఇంకో రకం. ఇవి ఆక్సిజన్ తగ్గితే బతకలేవు. మురుగు చేరిన వాగులో అవి మాయమై, బురదలో దారప్పోగుల్లాంటి ఎర్రటి పురుగులు మిగులుతాయి. రాయి మీద చేయి వేస్తే బూడిదరంగు జిగురు తగులుతుంది. ల్యాబ్ శాంపిల్ ఆ ఒక్క నిమిషం సంగతి చెబుతుంది, రాయి కింది పురుగులు గడిచిన కొన్ని నెలల సంగతి చెబుతాయి. రాత్రిపూట దొంగచాటుగా వదిలిన నీటికి అవే సాక్షులు. నెలకోసారి ఒకే మూడు చోట్ల, స్కేలు పక్కన పెట్టి, తేదీ, స్థలం పడేలా ఫోన్లో ఫొటోలు తీసి ఉంచుకోవాలి. ఊరి బడి పిల్లలు దీన్ని పెద్దలకన్నా బాగా చేస్తారు.

ల్యాబ్ పరీక్షలూ కావాలి. ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబే కావాలి. పైపు రాబోయే చోటుకు ఎగువన ఒకటి, దిగువన నీళ్లు బాగా కలిసే దూరంలో ఒకటి, ఆ కింద చెరువులో కలిసే దగ్గర ఒకటి. బీఓడీ, అమ్మోనియా, మొత్తం నైట్రోజన్, ఫాస్ఫరస్, మలసంబంధ కోలిఫారం బ్యాక్టీరియా అడగాలి. ఆక్సిజన్ మాత్రం సీసాలో పట్టుకెళ్తే మారిపోతుంది. వాగు దగ్గరే, సూర్యుడు లేవకముందు, మీటరుతో చూడాలి. మిగతా సీసాలు ఐసు పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చాలి. నీళ్ల సీసా కడిగి అందులో పట్టుకెళ్తే కోలిఫారం రిపోర్టుకు విలువ లేదు, ల్యాబు ఇచ్చే స్టెరైల్ సీసానే వాడాలి. ఊటబావి, దగ్గరి బోరుబావి నీళ్లు కూడా ఒకసారి పరీక్ష చేయించి ఉంచాలి, ముఖ్యంగా నైట్రేటు. వాగు అడుగు ఇసకైతే పారే నీరు బావిలోకీ దిగుతుంది.

చట్టం దగ్గర ఊరివాళ్లకున్న బలం వాళ్లనుకునేదానికన్నా ఎక్కువ. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 25వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర కాలుష్య నియంత్రణ బోర్డు సమ్మతి లేకుండా వాగులోకి కొత్త పైపు పెట్టకూడదు. అదే సెక్షన్ కింద ఏ షరతుల మీద సమ్మతి ఇచ్చారో బోర్డు ఒక రిజిస్టరులో రాసి ఉంచాలి, ఆ పైపు వల్ల ప్రభావితమయ్యే ఎవరైనా దాన్ని చూడొచ్చు. ఇది దయతో ఇచ్చేది కాదు, హక్కు. కర్ణాటకలో కట్టడానికి ముందు ఒక సమ్మతి, నడపడానికి ముందు ఇంకో సమ్మతి ఉంటాయి. మొదటిదాని దగ్గరే అభ్యంతరం వేయాలి. సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి, సమ్మతి పత్రం, ప్లాంటు డ్రాయింగు, నీటి లెక్కల పట్టిక అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. చాలా అపార్ట్‌మెంట్ల సమ్మతి పత్రంలో ఒక్క చుక్కా బయటికి వదలకూడదన్న షరతే ఉంటుంది. అలా ఉంటే వాగు దాకా తవ్విన పైపు ఆ కాగితానికే విరుద్ధం, బీఓడీ దాకా వెళ్లక్కర్లేదు. సర్వే శాఖ గ్రామ నక్షా తీసుకుని వాగు ఏ సర్వే నంబరు మీదుగా పోతోందో, ఆ భూమి బి-ఖరాబుగా రాసి ఉందో లేదో చూడాలి. బి-ఖరాబు ప్రభుత్వ భూమి, దాని మీదుగా పైపు వేయడానికి ఎవరు ఎప్పుడు అనుమతిచ్చారన్నది ఇంకో ప్రశ్న.

ఒక జాగ్రత్త. మీరు తీయించిన శాంపిల్‌తో జల కాలుష్య చట్టం కింద ఎవరికీ శిక్ష పడదు. 21వ సెక్షన్ చెప్పిన పద్ధతిలో, నోటీసు ఇచ్చి, రెండు భాగాలు చేసి, సీలు వేసి బోర్డు అధికారి తీసినదే కోర్టులో చెల్లుతుంది. మీ శాంపిల్ బోర్డును కదిలించడానికి. చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి వెళ్లాలంటే సమస్య మొదట తలెత్తిన నాటి నుంచి ఆరు నెలలు గడువు, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు. "కొన్నాళ్లు చూద్దాం" అని ఏడాది గడిపినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. పాలారు వెంట తోళ్ల ఫ్యాక్టరీల మీద వెల్లూరు ప్రజలు వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పిన మాట అర్జీలో తప్పక రాయాలి: హాని జరగదని నిరూపించే భారం, పరిస్థితిని మార్చబోయేవాళ్లది. హైదరాబాద్ జంట జలాశయాల దగ్గర పెట్టబోయిన నూనె ఫ్యాక్టరీ కేసులో 1999లో అదే కోర్టు ఆ సూత్రాన్ని ఇంకా వివరించింది. ఇంట్లో తెలుగు మాట్లాడినా అర్జీ కన్నడంలోనే రాయించండి. ఫైలు కదిలేది ఆ భాషలోనే.

ఇక పైపుకి పై కొసన, అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ల సంగతి. వాళ్ల కష్టం నిజమైనది, దాన్ని కొట్టిపారేస్తే వాదన న్యాయంగా ఉండదు. 500 ఫ్లాట్లు, 2500 మంది, మనిషికి రోజుకు 135 లీటర్లు. అందులో 80 శాతం మురుగైతే రోజుకు 2 లక్షల 70 వేల లీటర్లు ప్లాంటుకొస్తాయి. ఫ్లష్‌లకు మనిషికి 45 లీటర్ల చొప్పున 1,12,500 పోతాయి. తోటకు 30 వేలు అనుకుందాం. ఇంకా 1,27,500 లీటర్లు మిగులుతాయి, 12 వేల లీటర్ల ట్యాంకర్లు రోజుకు పది నింపినా పూర్తవవు. వానాకాలంలో తోటకూ అక్కర్లేదు. చుక్క కూడా బయటికి వదలొద్దనే నిబంధన ఈ మిగులు ఎక్కడికి పోవాలో చెప్పలేదు. అందుకే రాత్రిపూట రాజకాలువలోకి, అంటే వాననీటి పెద్ద కాలువలోకి, పైపులు తెరుచుకుంటున్నాయి. 2024 ఎండాకాలపు కరువులో ఈ నీటిలో సగం దాకా బయట అమ్ముకోవచ్చని రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. అది మంచి అడుగు. కట్టడాలకు, రోడ్డు పనులకు, పెద్ద ఏసీ ప్లాంట్ల కూలింగ్ టవర్లకు ఈ నీళ్లు పనికొస్తాయి. దగ్గర్లో నగర జలమండలి మురుగు లైను ఉంటే దానికి కలపాలి. ప్రతి ఫ్లాటుకూ మీటరు పెడితే వాడకమే తగ్గుతుంది, మిగులూ తగ్గుతుంది. ఇవన్నీ డబ్బుతో అయ్యే పనులు, వాగులోకి పైపు వేయడం అన్నిటికన్నా చవక. ఆ తేడాను దిగువ ఊరు ఎందుకు కట్టాలన్నదే నా ప్రశ్న.

"కోలారుకు ఇవే నీళ్లు పంపుతున్నారు కదా, జక్కూరు చెరువు ఇవే నీళ్లతో నిండింది కదా" అని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిన ప్రశ్నే. కోలారు ప్రాజెక్టులో రెండో దశ దాకా, అంటే సూక్ష్మజీవులు మలినాన్ని తిని మడ్డి దిగే దాకా, శుద్ధి చేసిన బెంగళూరు మురుగు నీటిని మొదట 126 చెరువులకు తలపెట్టారు. 2018 జూన్‌లో నీళ్లు చేరాయి, జూలైలో లక్ష్మీసాగర చెరువు దగ్గర నురగ లేచింది, సరఫరా ఆగింది, గొడవ హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్లి తర్వాత నీళ్లు మళ్లీ సాగాయి. మూడో దశ శుద్ధి కూడా చేసి పంపండని అక్కడి రైతులు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. బోర్లలో నీటిమట్టం పెరిగిందన్నదీ నిజం, ఆ అడగడమూ న్యాయం. అయితే అవి ఏళ్ల తరబడి ఎండిపోయిన చెరువులు. జక్కూరులో ప్లాంటు నీళ్లు నేరుగా చెరువులో పడవు, ముందు తుంగ, జమ్ము పెంచిన మడుగుల్లోంచి నిదానంగా పారి, అక్కడ నైట్రోజన్, ఫాస్ఫరస్ కొంత వదిలించుకుని చెరువులోకి దిగుతాయి. ఎండిన చెరువుకు ఏ నీళ్లయినా కొంత లాభమే. ఊట ఉన్న వాగుకు సొంత నీళ్లున్నాయి, అందులో బతికేవి ఉన్నాయి, వాటికి పైపు నీళ్లతో పని లేదు. ఆ రెంటినీ ఒకే గాట కట్టకూడదు.

అన్నీ అడిగాక, అన్నీ చూపించాక కూడా ఏదో ఒక చోట ఏదో ఒక కారణంతో పైపుకి అనుమతి వచ్చేస్తుంది. అప్పుడు సమ్మతి పత్రంలో రాయించుకోవాల్సినవి ఉన్నాయి. వాగు ప్రవాహం పైపు ప్రవాహానికి ఏడింతల కన్నా తగ్గిన రోజున ఒక్క లీటరూ వదలకూడదు. క్లోరిన్ బదులు అతినీలలోహిత కిరణాల దీపాలు పెట్టాలి. బైపాస్ లైను మూసి వెల్డింగ్ చేయాలి. ప్లాంటుకూ వాగుకూ మధ్య మూడు రోజుల నీళ్లు పట్టే గుంట తవ్వాలి. రోజుకు 10 లక్షల లీటర్ల ప్లాంటుకైతే 30 లక్షల లీటర్లు, మూడు మీటర్ల లోతుతో తవ్వితే పావు ఎకరం నేల సరిపోతుంది. బ్లోయర్ ఆగినా, మడ్డి పొర్లినా ఆ నీళ్లు గుంటలోనే ఆగాలి, ప్లాంటు బాగయ్యాక తిరిగి మొదటి ట్యాంకుకి పోవాలి. మూడు రోజుల్లో బాగుపడకపోతే ట్యాంకర్లు పిలిపించుకోవాల్సింది వాళ్లే. గుంట నుంచి వాగు వైపు తెరుచుకునే గేటుకు రెండు తాళాలుండాలి, రెండో తాళంచెవి గ్రామ పంచాయతీ దగ్గర ఉండాలి.